ఎడమ చెయ్యి

"ఇట్లియ్యి," అంటూ జొహరాబీ చాయ్ గ్లాసు కోసం ఎడమ చెయ్యి చాపింది.

ఆదోని ఆస్పత్రి వరండాలో కోడలు నిషాత్ ప్రాణం చివుక్కుమంది. ఇన్నాళ్లుగా ఏది ఇచ్చినా అత్త ఎడమ చేత్తోనే అందుకుంటోంది. ఆ ఇంట్లో బిచ్చగాడికైనా ఆ చేత్తో పెట్టి ఎరగరు.

తను నెల తప్పిన కబురు చెప్పిన వారం నుంచే అత్త మారిపోయింది. మంచం వసారాలోకి వెళ్లింది. బట్టలు వేరే ఉతుక్కుంది. అన్నం ఒంటరిగా తింది. తలకు నూనె రాయబోతే "తాకొద్దు!" అని కసిరింది. పైగా పుట్టింటికి ఫోన్ చేసి, "మీ పిల్లకు చిన్నప్పుడు ఆటలమ్మ పోసినాదా?" అని కూపీ లాగింది. వంకలు వెతకడానికి కాకపోతే ఎందుకట? ఈ బిడ్డ అత్తకు ఇష్టం లేదని నిషాత్ చాటుగా ఏడ్చింది.

నిన్న అత్త చేతిలోంచి బిందె జారిపడింది. పక్షవాతమేమోనని హడలిపోయి, కోపం పక్కనపెట్టి, ఎమ్మిగనూరులో బస్సెక్కించి నిషాతే తీసుకొచ్చింది.

"కుడి చెయ్యి పైకెత్తమ్మా," అంది లోపలికి పిలిచిన డాక్టర్ శోభ.

అది భుజం దాకా కూడా లేవలేదు.

"మంటగా ఉందా?"

"నిప్పులు పోసినట్టుంటాది తల్లీ. రైక తగిలినా తట్టుకోలేను."

"అంతకుముందు ఇక్కడ పొక్కులు లేచాయా?"

జొహరాబీ కోడలి వంక చూసి తల దించుకుంది. "లేసినాయి. నెలన్నర అయితాంది. ఎండిపోయినాయి."

భుజం మీద నల్లటి మచ్చలు బారుగా ఉన్నాయి.

"పక్షవాతం కాదు, అక్కి. ఎప్పుడో పోసిన ఆటలమ్మే ఒంట్లో దాగి, ఇలా మళ్లీ లేస్తుంది. పొక్కులు మానినా నరాన్ని పట్టుకుంది. ఆ మంటా, ఈ నీరసమూ దానివే. మంటకు మందులిస్తాను, చేతికి వ్యాయామం చేయించాలి. టైం పడుతుంది కానీ, చాలామందికి బలం తిరిగొస్తుంది."

నిషాత్ కళ్లు నిండాయి. అయితే అత్త తనను అవమానించలేదు! పాపం, ఆమెకు లేచేది ఆ ఎడమ చెయ్యి ఒక్కటే. "మీ మేలు ఈ జన్మకు మరవను మేడం," అంటూ రెండు చేతులూ జోడించింది.

బయటికి రాగానే ఉండబట్టలేక అడిగింది. "నాకొక్క మాట సెప్పుంటే పక్కనుండి మందు రాసేదాన్ని కదత్తా!"

"అందుకేనమ్మా సెప్పలా," అంది జొహరాబీ, కోడలి పొట్ట మీద ఎడమ చెయ్యి మెల్లగా ఆనించి. "నీకు ఆటలమ్మ పోయలేదని మీ పుట్టింటోళ్లు సెప్పినారు. అట్లాంటోళ్లకు ఆ పొక్కులు అంటుకుంటే కడుపులో బిడ్డకు ముప్పంట."