దారికుప్ప రాళ్లు

"అమ్మాయ్, ఎవరో వచ్చిండ్రు చూడు," అన్నాడు మేస్త్రీ కాశయ్య.

గేటు దగ్గర తలమీద గంపతో ఒక ముసలామె నిలబడి ఉంది. ఆ ఊళ్లో ఎవరూ ఎరగని మనిషి. గంప నిండా నల్లరాళ్లు.

వాటిని చూడగానే ప్రశాంతికి ప్రాణం లేచి వచ్చింది.

రాష్ట్ర సరిహద్దు దాటాక, భోపాల్‌పట్నం అవతల, అడవి అంచున ఉన్న చిన్న ఆస్పత్రికి ఎండతో కరెంటు పుట్టించే పని ఆమెది. పగలు అద్దాలు ఎండను ఒకచోట పోగేసి గాలిని వేడెక్కిస్తాయి. ఆ వేడిగాలి ఇటుకల గదిలో నింపిన రాళ్లను కాలుస్తుంది. పొద్దుగూకాక ఆ రాళ్లలో దాగిన వేడే నీళ్లను ఆవిరి చేసి చక్రం తిప్పాలి. తెల్లారేదాకా ఆగకుండా తిరిగితేనే కాన్పుల గదికి లైను ఇస్తామన్నారు పైవాళ్లు.

చిక్కంతా రాళ్లతోనే వచ్చింది. ఏటి రాళ్లు వేడికి పటపటా పగిలిపోయాయి. నల్లరాయి తట్టుకుంటుంది గాని, చాలినంత దొరకడం లేదు. గది ఇంకా వెలితిగానే ఉంది.

"యాడియమ్మా ఇవి?"

"కొండ కనుమ కాడియి," అంది ముసలామె వచ్చీరాని తెలుగులో.

"కూలి తీస్కో మరి."

ఆమె తల అడ్డంగా ఊపింది. కాన్పుల గది తలుపు వైపు చూసింది.

"ఈడ దీపం ఆగకుంట ఎలుగుతదా?"

"ఎలుగుతది. ఎలిగేదాక నేను ఈడికెల్లి కదల."

"అయితే ఇంకా తెస్త."

తెచ్చింది. రోజూ తెచ్చింది. పేరడిగితే చెప్పదు, మంచినీళ్లిస్తే తాగదు. రాళ్లు దించడం, వచ్చిన దారినే పోవడం. ప్రశాంతి ఆమె కోసం పొద్దున్నే గేటు వైపు చూడడం అలవాటు చేసుకుంది.

ఒకరోజు కాశయ్య ఒక రాయిని ఎండలో తిప్పి చూసి, నిప్పు తగిలినట్టు కింద పడేశాడు.

"దీనికి పసుపు పూసి ఉన్నది. ఇది దారికుప్ప రాయి."

పనివాళ్లందరూ తట్టలు దించేశారు.

అటువైపు గూడేల్లో దారిలో ఎవరైనా ప్రాణం విడిస్తే, అక్కడ ఒక కుప్ప లేస్తుంది. అటుగా పోయే ప్రతివాళ్లూ ఒక రాయి వేసి పోతారు. ఆ కుప్ప మీది రాయి తీయకూడదని సరిహద్దు ఊళ్ల తెలుగువాళ్లకు కూడా తెలుసు.

"పోయినోళ్ల రాళ్లు ముట్టుకుంటే మా పిల్లలకు తగుల్తది. మేం పని చెయ్యం," అన్నాడు కాశయ్య.

ప్రశాంతికి ఒళ్లు మండింది. ఆమె చెప్పగానే నమ్మినందుకు తనకు తగిన శాస్తే జరిగిందనుకుంది.

"పోయినోళ్ల దగ్గర దొంగతనం చేస్తవా? నీకు చేతులెట్లొచ్చినయి?"

"ఆడ ఇగ వాటి పని లేదు," అంది ముసలామె మెల్లగా.

"ఆ మాట చెప్పనీకి నువ్వెవరు?"

ముసలామె కాన్పుల గది వైపు ఒకసారి చూసి, ఖాళీ గంప తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆమె తెచ్చిన నల్లరాళ్లన్నీ గదిలోంచి తీయించి షెడ్డు పక్కన పోయించింది ప్రశాంతి. పరీక్ష రోజు మిగిలిన రాళ్లతోనే చక్రం తిప్పింది. తొలికోడి కూసేదాకా బాగానే తిరిగింది. ఇక తెల్లారడమే తరువాయి అనుకుంటుండగా నెమ్మదించి, ఆగిపోయింది. కాన్పుల గదిలో బల్బు ఎర్రబడి ఆరిపోయింది.

"ఇంకొక్కసారి వస్తా," అన్నాడు పరీక్షకు వచ్చిన సారు. "అప్పుడూ ఆగితే అద్దాలు విప్పి వేరే జిల్లాకు పంపిస్తారు."

"ఆగదు సార్. గది నింపే చూపిస్త."

నింపడానికి చాలినన్ని రాళ్లు షెడ్డు పక్కనే పడున్నాయి. ఎవరూ చూడకుండా వేసేస్తే అడిగేవాడు లేడు. అలా వేయడానికి ఆమెకు మనసొప్పలేదు. ఎవరివి వాళ్లకు చేర్చి, ఆ తర్వాత కొండ పగలగొట్టయినా రాళ్లు తెస్తాననుకుంది. వాటిని ట్రాక్టర్‌కు ఎత్తించి తానే కనుమకు బయలుదేరింది.

కనుమ మలుపులో సగానికి తరిగిన కుప్ప కనిపించింది. ట్రాక్టర్ ఆపి మొదటి రాయి అందుకుందో లేదో, అక్కడ పశువులు మేపుతున్న పక్క గూడెం బుధ్రా వాటిని వదిలేసి వచ్చాడు.

"దించకు దీదీ. వెనక్కి తీస్కపో. మీ గదిలనే వెయ్యి."

"ఒక ముసలామె ఈడికెల్లి ఎత్తుకొచ్చింది దాదా. తిరిగి పెడుతున్న."

"ఆ ముసలామె మా గూడెం కోసేనే గదా, ఎరుకే. మీ కాడికెల్లి వచ్చినంక జరం పట్టింది. మొన్ననే పోయింది పాపం."

ప్రశాంతి చేతిలో రాయి చేతిలోనే ఉండిపోయింది. ఎంత దొంగైనా, అంతమందిలో ఆ మాట అనకుండా ఉండాల్సింది అనిపించింది.

"ఈ కుప్ప ఎవరిది?"

"మంగుది. నొప్పులొస్తే మంచం మీద మీ ఆస్పత్రికి మోసినం. కరెంటు లేదు, ఈడ గాదని పంపేసిండ్రు. తిరిగొస్తుంటే ఈడనే పాణం పోయింది. కడుపుల పిల్ల గూడ."

"అసుంటి కుప్ప మీది రాళ్లు తీసుడు పాపం గాదా?"

"మీకూ నాకూ పాపమే," అన్నాడు బుధ్రా, ఆమె చేతిలోని రాయి తీసుకుని మళ్లీ ట్రాక్టర్‌లో పెడుతూ. "తీసే హక్కు కన్నతల్లికి ఒక్కదానికే ఉంటది దీదీ, కోసే తీసింది తన బిడ్డ కుప్పనే."