ప్లాస్టిక్ తప్పెట

నాపరాళ్ల పని తగ్గి ఊరు సగం ఖాళీ అయినా మా తప్పెట బడికి పదిమంది పిల్లలు మిగిలారు. బడికి గది ఇచ్చిన గుడి ధర్మకర్త పది ప్లాస్టిక్ తప్పెటలు పంపాడు. ఈసారి ఉత్సవానికి గుడి లోపలే వాయించవచ్చన్నాడు. తోలు మాత్రం గడప దాటకూడదన్నాడు. గది పోతే బడి ఉండదని ఒప్పుకున్నాను.

మరునాడు బడికి వెళ్లేసరికి, పిల్లలకు నేర్పే సోమన్న తోలు తప్పెటను బిగువెక్కడానికి కాచినట్టే కొత్తదాన్ని గడ్డిమంటకు పట్టుకున్నాడు. అది ముడుచుకుపోయి కంపు కొడుతోంది.

“ఇది కాచేది కాదని తెలీదా? బడిని ముంచుతాండావు కదప్పా!” అని అరిచాను.

“తెలిసే కాచినా. తోలు రాకూడదంటాండారే, లోపల మృదంగానికి ఉండేదేంది? పట్టుగుడ్డా?”

“అది వేరే.”

“యాడ వేరే? దానికి తోలు బిగించింది మా నాయన. గడప దాటించి లోపల వాయించింది మీ నాయన. బిగించినోడు మాత్రం ఎండలో నిలబడి విన్యాడు.”

నేను ధర్మకర్తకు ఫోన్ చేశాను. గది ఖాళీ చేస్తున్నామని చెప్పి, తాళంచెవి ఎవరి చేతికివ్వాలని అడిగాను.