లోడు ఎక్కడికి?

కొత్త డ్రైవరు డీజిల్ కోసం బంకులో ఆపి లారీ దిగాడో లేదో, ఒక పెద్దాయన ఎదురొచ్చాడు.

"ఏం బాబూ, లోడు ఎక్కడికి?"

అతను చటుక్కున లారీ తలుపు మూసేశాడు.

ట్రైనింగ్‌లో మాస్టారు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిన మాట ఒకటుంది. సరుకేంటో, ఎక్కడికో దారిలో ఎవరికీ చెప్పకు. అడిగినవాడు దొంగే అనుకో.

అతనికిది మొదటి దూరప్రయాణం. సాయంత్రం నాలుగింటిలోగా నూలు మిల్లుకి దూది బేళ్ళు చేరిస్తే బండి ఇక పూర్తిగా అతని చేతికిస్తారు. ఆలస్యమైతే మళ్ళీ షెడ్డులో లారీలు కడుక్కోవాలి.

అందుకే రెండు రోజులు కూర్చుని ప్లాను గీశాడు. ఎక్కడ డీజిలు, ఎక్కడ తిండి, ఎక్కడ కునుకు, అన్నీ నిమిషాలతో సహా. తన పెళ్ళిచూపులకు కూడా అంత తయారు కాలేదు.

ఆ ప్లానులో పెద్దాయన లేడు.

"రేవుకి," అన్నాడు తడుముకోకుండా.

"నూలు మిల్లుకి కాదూ?"

మిల్లు మాట వినేసరికి అనుమానం రూఢి అయిపోయింది.

"రేవుకని చెప్పానుగా."

పెద్దాయన జేబులోంచి చీటీ తీశాడు. లారీ నంబరు చూశాడు. చీటీ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"రేవుకైతే దిగుల్లేదు, దారి బాగుంటుంది. టీ తాగుతావా? మొహం పీక్కుపోయింది."

"వద్దు."

"వెనక తాడు వదులైంది, చూసుకున్నావా?"

చెప్పి ఊరుకోలేదు, తనే వెళ్ళి లాగి బిగించాడు. కొత్త డ్రైవరు పరుగున వెళ్ళి బేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి.

"నీకెందుకు పెద్దాయనా? నీ పని చూసుకో."

"నా పని ఎదురుచూడ్డమే బాబూ. ఒకతను రావాలి," అని నవ్వి, ఎండలోనే రోడ్డు పక్కకి వెళ్ళి నిలబడ్డాడు.

గండం గడిచిందనుకుని కొత్త డ్రైవరు లారీ కదిలించాడు. దారిలో తెలియని నంబరు నుంచి మూడుసార్లు ఫోనొచ్చింది. మాస్టారు అదీ చెప్పాడు, స్టీరింగు ముందు కూర్చున్నాక ఫోనెత్తొద్దని. ఎత్తలేదు.

మిల్లు ఇంకా అరగంట దూరం ఉందనగా రైలు వంతెన అడ్డొచ్చింది. దాని కింద కార్లు దర్జాగా దూరిపోతున్నాయి. లారీ మీది బేళ్ళు మాత్రం మూరెడు ఎత్తెక్కువ.

ప్లానులో నిమిషాలున్నాయిగానీ ఎత్తు లేదు.

వెనక బళ్ళవాళ్ళ చేత తిట్లు తింటూ, రివర్సులో అంగుళం అంగుళం జరిపి, ఊరంతా చుట్టి మిల్లు గేటు చేరేసరికి ఆరున్నర అయింది.

"నాలుగింటికి రావాల్సినవాడివి కదయ్యా," అన్నాడు గేటుమనిషి. "కూలీలు వెళ్ళిపోయారు. ఇక దించేది రేపే."

పుస్తకంలో టైము రాశాడు. కొత్త డ్రైవరుకి షెడ్డు కళ్ళముందు కనబడింది.

"వంతెన దగ్గర ఇరుక్కున్నావా?"

"అవునండీ."

"కొత్తవాళ్ళంతా అక్కడే ఇరుక్కుంటారు. అందుకే మా మేస్త్రీ ఎదురెళ్ళి, వెనక దారిన దగ్గరుండి తీసుకొస్తాడు. బంకు దగ్గర ఆయన కలవలేదా?"

గేటుమనిషి పుస్తకంలోకి, లారీ నంబరు ప్లేటు వైపు మార్చి మార్చి చూశాడు.

"మీ ఆఫీసు ఇచ్చిన నంబరు ఇది కాదే?"

"పొద్దున బండి మార్చారండీ."

"అదీ సంగతి. మరి ఆయన ఫోను చేసినప్పుడైనా ఎత్తాలిగా?"

ఇంతలో గేటు గదిలో ఫోను మోగింది. గేటుమనిషి కాసేపు విని, దాన్ని కొత్త డ్రైవరు ముందుకు చాచాడు.

"ఆయనే. పొద్దుట్నుంచి బంకు దగ్గరే నిలబడ్డాడట. పాపం కొత్తవాడు, ఎక్కడ దారి తప్పాడో, వాడొచ్చేదాకా నేను కదలనంటున్నాడు. వచ్చానని నువ్వే చెప్పు."