గులాబీ రవ్వ

“ఆగండి అండాలమ్మగారూ, ఆ రవ్వ ఇవ్వకండి!”

వేదవతి అంత గట్టిగా అరుస్తుందని దిల్‌సుఖ్‌నగర్ నగల దుకాణంలో ఎవరూ అనుకోలేదు. వేదవతి కూడా అనుకోలేదు. ఇంటి ఓనరు అండాలమ్మ తోడు రమ్మంటే కాదనలేక వచ్చిన అద్దెకుండే మనిషి తను.

అండాలమ్మ ముక్కుపుల్లలోంచి ఊడదీసిన రాయి అప్పటికే సేటు అరచేతిలో ఉంది. దానికి బదులు ఇస్తానంటున్న రవ్వ తెల్లగా, రెట్టింపు సైజులో ఉంది.

“ఏమైంది బిడ్డా? గా రవ్వ మా అత్తది. పాతగై రంగు మారింది. కాలనీల కొత్తగ ఒచ్చినోళ్లంత తెల్లటియే పెట్టుకుంటున్నరు.”

“రవ్వల రంగుంటే లోపమే గదమ్మా,” అన్నాడు సేటు.

“పసుపు ఛాయ కొద్దిగా తగిలితే లోపం,” అంది వేదవతి. బెజవాడలో రవ్వలు అమ్మే మేనమామ మాటలన్నీ ఒక్కసారిగా నోటికొచ్చాయి. “ఇది ఛాయ కాదు, నిండు గులాబీ. పుట్టుకతో వచ్చిన రంగు ఎంత చిక్కగా ఉంటే అంత విలువ. వెనక రంగు రేకు పెట్టారనుకుందామన్నా, మీరే ఊడదీశారు. తెల్లకాగితం మీద పెట్టి చూడండి.”

సేటు పెట్టాడు. రాయి గులాబీగానే ఉంది. తెల్లబోయింది సేటు మొహమే.

“నిజమేనా సేటూ?” అంది అండాలమ్మ.

సేటు తన రవ్వను మెల్లగా డబ్బాలో పెట్టేసుకున్నాడు. “నిజమే. నా కొట్ల ఉన్న తెల్లటియన్ని కలిపినా దీనికి సరిరావు.”

అండాలమ్మ రాయిని కొంగున ముడేసుకుంది. ఎల్బీ నగర్ బస్సులో ఆ ముడి మీంచి చెయ్యి తియ్యలేదు. కిటికీలోంచి సగం లేచిన గోడలూ ఇసక కుప్పలూ చూస్తున్న వేదవతికి మనసు తేలికైంది. ఇంత మేలు చేశాక, బోరు నీళ్ల దగ్గర ఇక సాధింపులుండవు. పిల్లలు మెట్ల మీద పరిగెత్తినా ఎవరూ కసరరు.

గేటు దగ్గర అండాలమ్మ ఆగింది. వేదవతి గడ్డం పట్టుకుంది. అండాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నా కడుపుల పుట్టినోళ్లు గూడ గింత మేలు చెయ్యరు బిడ్డా. నువ్వు లేకుంటే నిండ మునుగుతుంటి.”

“అయ్యో, అంతమాటెందుకండీ!”

“గట్లనే, మీ ఆయనకు జర చెప్పు,” అంది అండాలమ్మ కళ్లొత్తుకుంటూ. “గింత ఖరీదైంది ఇంట్ల పెట్టుకొని కిరాయోళ్లను ఎట్ల ఉంచుకుంట? వేరే ఇల్లు చూసుకోన్రి.”