ఏడు వందల ఇరవై చుక్కలు

పక్క దుకాణంలో పత్తి మందు ఉందో లేదో అడిగి యంకవ్వ స్టూడియోలోకి వచ్చేసరికి, గాజు బల్ల మీద రెండు ఫోటోలున్నాయి. రెండూ నలుపు తెలుపే. రెండింట్లోనూ రశ్మి చేనులోని ఒకే పత్తి ఆకు.

"గిది అంగుళానికి మూడు వందల అరవై చుక్కలు. గది ఏడు వందల ఇరవై," అన్నాడు స్టూడియో వాదిరాజ్. "పద్నాలుగు వందల నలభై అయితె ఈనెలు గూడ లెక్కపెట్టొచ్చు. వద్దంటవేందక్కా?"

రశ్మి వద్దనే అంది. మూడు వందల అరవైది కరెంటు ప్లాంటు ఆఫీసరు తిప్పి పంపిందే. ఇవి ప్రింటరు వేసిన చుక్కలన్నాడట. మరీ నునుపుగా ఉంటే కంప్యూటర్లో దిద్దారంటాడట. నడిమిదైతేనే నమ్ముతాడని నాలుగు కాపీలు తీయించింది.

యంకవ్వకు ఏ ఫోటో అయినా ఒకటే, కళ్లకు పొర. ఆమెకు కావలసింది ఒక్క మాట. రశ్మి చేను పక్కదే ఆమె కౌలు చేను. ఆ ఆకుల మీదా అదే తెల్లటి పొడి, వేలికి పిండిలా అంటుతోంది. ప్లాంటు ఇచ్చే నష్టపరిహారం పట్టా ఉన్నవాళ్లకే, కౌలుకు లేదు. పంట నిలబడితేనే వచ్చే ఏడు కూడా ఆ చేను తనకిస్తారు. ఊళ్లో డిగ్రీ చదివిన ఆడపిల్ల రశ్మి ఒక్కతే. అందుకే పని మానుకుని రాయచూరు బస్సెక్కి వెంట వచ్చింది.

మెట్లు దిగుతూ అడిగింది. "మందు ఉన్నదంటడు బిడ్డా. కొట్టాల్నా, వద్దా?"

రశ్మి ఆగి ఆమె చెయ్యి పట్టుకుంది.

"ప్లాంటు గొట్టంల నుంచి పడే బూడిదకు మందేందవ్వా? నలుగురు నవ్వుతరు. ఒక్క వాన పడనీ, అంతా కడుక్కపోతది."

యంకవ్వ గుండె మీది బరువు దిగింది. మందు కొనకుండానే ఊరికి పోయింది.

ఆఫీసరు ఫోటోలు ఒప్పుకున్నాడు. చేను చూడకుండానే సంతకం పెట్టాడు. జాబితాలో రశ్మి పేరు వచ్చింది.

వాన పడింది. పొడి పోలేదు. యంకవ్వ మళ్లీ అడిగితే, ఇంకో వాన కావాలంది రశ్మి. రెండో వానకు ఆకులు ముడుచుకున్నాయి. మూడో వాన నాటికి కాయ కట్టడమే ఆగిపోయింది. దసరా దాటాక చేను యజమాని శరణబసవ ఆ పత్తి కట్టె పీకించి, కౌలు ఇంకొకరికి ఇచ్చాడు. యంకవ్వ అతన్ని తిట్టలేదు. తిట్టింది ప్లాంటునే.

కూలి కార్డుకు ఫోటో కావాలంటే మళ్లీ అదే స్టూడియోకు వచ్చింది. వాదిరాజ్ కుర్చీలో కూర్చోబెట్టి, తల కొంచెం ఎత్తమన్నాడు. ఎదుటి గోడకు బారెడు ఫోటో ఒకటి మసకగా కనబడింది. అదేమిటని అడిగింది.

"ఆ పొద్దు నువ్వు లోపలికి రాకముందు పద్నాలుగు వందల నలభైల తీసిన ఆకే అవ్వా, రశ్మక్క ఒక్కో తెల్ల పురుగుకు ఆరేసి కాళ్లు లెక్కపెట్టి మరీ, ఇది వద్దన్నది."