ఒక్క ‘లు’

“ఐదు నిమిషాలే ఇస్తాను. తర్వాత ఆ ల్యాప్‌టాప్ నా చేతికొచ్చేయాలి,” అంది నర్సు.

ల్యాప్‌టాప్ పట్టుకున్న ప్రోగ్రామరు తలెత్తలేదు. ఏసీ చలికి వట్టి కాళ్లు జివ్వుమంటున్నాయి. ఒంటిచేత్తోనే టకటకా కొడుతోంది. ఫోన్‌లో మేనేజరు స్పీకరు పగిలేలా అరుస్తున్నాడు.

“సెలవు పెట్టి ఆస్పత్రిలో ఏం చేస్తున్నారమ్మా?”

“పని పడింది సార్. ముందిది వినండి. నాలుగో గది పేషెంటుకి పెన్సిలిన్ పడదు. మన కొత్త ప్రోగ్రాము మాత్రం ఏ అలర్జీ లేదంటోంది.”

“అయ్యో! ఇంజెక్షన్ ఇచ్చేశారా?”

“లేదు. పేషెంటే నోరు తెరిచి చెప్పబట్టి సరిపోయింది. స్పృహలో లేనివాళ్లు ఎవరికి చెప్పుకుంటారు సార్?”

ఎక్కడ తప్పిందో ఆమె చెప్పుకొచ్చింది.

పాత ప్రోగ్రాములోని రోగుల వివరాలన్నిటినీ నిన్ననే జేసన్ అనే మామూలు అక్షరాల ఫైలుగా విప్పి, కొత్త ప్రోగ్రాములో మళ్లీ రికార్డులుగా కట్టారు. విప్పేటప్పుడు, ఏ మందు పడదో రాసే గడికి ‘అలర్జీలు’ అని పేరు పడింది. కట్టేటప్పుడు కంప్యూటరు ‘అలర్జీ’ కోసం వెతికింది. చెప్పింది చెప్పినట్టు చేయడంలో దాన్ని మించిన బుద్ధిమంతుడు లేడు కదా! దొరకలేదని గడి ఖాళీగా వదిలేసి, అంతా క్షేమమంది.

“పేరు కలవకపోతే అది ఆగి గోల పెట్టాలిగా?”

“పెట్టి ఉండేది సార్. గడువు ముంచుకొస్తోందని, తెలియని పేరొస్తే నోరు మూసుకోమని నేనే రాశాను.” చెబుతుంటే ఆమెకి ఏడుపొచ్చింది.

“చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత అంటారు. ఇందులో మీకేం పోయిందిలెండి, పోయేది ఊళ్లోవాళ్ల ప్రాణాలు!”

ఆమె ‘అలర్జీ’ పక్కన ‘లు’ చేర్చి మీట నొక్కింది. రికార్డులన్నీ మళ్లీ కట్టుకోవడం మొదలైంది. నలభై శాతం. డెబ్భై. తొంభై దగ్గర మొండికేసింది.

“టైమైపోయింది. డాక్టరుగారు నామీద కేకలేస్తారు,” నర్సు చెయ్యి చాపింది.

“నీకు పుణ్యముంటుంది తల్లీ, ఒక్క నిమిషం!”

నూరు. రెండువందల పన్నెండు మంది పేర్ల పక్కన ఖాళీ గడులు ఎర్రగా నిండాయి. నాలుగో గది ఎదురుగా కూడా ‘పెన్సిలిన్’ అని పడింది. ఆమె ఊపిరి పీల్చుకుని ల్యాప్‌టాప్ ఇచ్చేసింది.

“సరైపోయింది సార్. రెండు రోజులు నాకు ఫోన్ చేయకండి.”

“ఎక్కడికెళ్తున్నారమ్మా?”

“పక్క గదికే.”

నర్సు ఫోను కట్టేసి, నాలుగో గదిలోంచి ఆమె స్ట్రెచర్‌ని ఆపరేషన్ థియేటర్‌లోకి నెట్టింది.