సున్నా మిల్లీమీటర్లు

"ఏదీ, ఇంకోసారి చెయ్యి చాపవే," అంది టైలరమ్మ.

"పొద్దుట్నించీ ఇది పదోసారమ్మా! నీ చూపులకే అరిగిపోయేట్టుంది."

బడిలో పిల్లలందరికీ క్షయ పరీక్షకని ముంజేతి మీద సూది వేసి మూడో రోజు. వేసినచోట గట్టిగా ఉబ్బితే లోపల క్రిములు చేరినట్టు. కూతురి చెయ్యి ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది. టైలరమ్మ వేలితో తడిమింది. నూలుపోగంత ఎత్తు కూడా తగల్లేదు.

"మీ నాన్న దగ్గు నీకు అంటలేదే, బంగారం!" అని, వదులైన యూనిఫాం నడుముకి పిన్నీసు పెట్టింది. ఈ ఏడాది రెండుసార్లు కుట్టు బిగించింది. పొడుగెదిగే పిల్ల, సన్నబడదూ మరి!

బడి వరండాలో నర్సు స్కేలు పెట్టి కొలుస్తోంది. ముందున్న పాలావిడ కొడుకు చేతిమీద కోటు బొత్తామంత ఉబ్బు.

"పదిహేను. ఎక్స్‌రే తీయించండి. జబ్బు లేకపోతే, ఇకముందు రాకుండా మాత్రలిస్తాం."

"నా కొంప ముంచావు కదరా!"

"నేనేం చేశానే? అదే ఉబ్బింది!"

తర్వాత టైలరమ్మ కూతురు. "సున్నా," అని రాసుకుని, నర్సు ఫారం తిప్పింది. "ఇంట్లో హెచ్.ఐ.వి. ఎవరికీ లేదన్నారు?"

"లేదండీ," అంది టైలరమ్మ తడుముకోకుండా.

భర్త పోయినప్పటినుంచీ ఆ మందులు తను వాడుతూనే ఉంది. కూతురికి మాత్రం బలం మాత్రలని చెప్పింది. పిల్లకీ పరీక్ష చేయించమని ఆ మందులిచ్చే ఆసుపత్రివాళ్లు ఎన్నిసార్లు చెప్పినా వాయిదా వేసింది. సంగతి పొక్కితే తనకు జాకెట్లు ఎవరిస్తారు? బెంచీ మీద కూతురి పక్కన ఎవరు కూర్చుంటారు?

"అయితే మీ అమ్మాయికి ఏ మందూ అక్కర్లేదు. వెళ్లొచ్చు."

టైలరమ్మకి ప్రాణం లేచొచ్చింది. "దిగులుపడకు వదినా, నీవాడికీ నయమైపోతుందిలే," అని పాలావిడ భుజం తట్టింది. చెప్పుల్లో కాళ్లు పెట్టాక, ఆ ధైర్యంతోనే వెనక్కి తిరిగింది.

"అయినా సూదికీ ఆ ప్రశ్నకీ సంబంధమేమిటి నర్సమ్మా? ఊరికే మనుషుల్ని కుళ్లబొడవడానికి కాకపోతే!"

నర్సు తల ఎత్తకుండానే నవ్వింది.

"హెచ్.ఐ.వి. ముదిరిన ఒంట్లో, క్షయ ఉన్నా చెయ్యి ఉబ్బదమ్మా."